దగ్గు బటన్

"ప్రతి మనిషిలోనూ ఒక సింహం నిద్రపోతుంటుంది!" అన్నాడు గెతిన్ పారి, గుండె మీద చెయ్యి వేసుకుని, గొంతు కాస్త వణికించి.

హాల్లో సగంమంది పకపకా నవ్వారు.

తక్కిన సగంమంది మెడలు తిప్పి వాళ్ళకేసి గుర్రుగా చూశారు. పాపం కుర్రాడు అంత ఇదిగా చెబుతుంటే ఆ నవ్వేమిటి, మనుషులా గొడ్లా అన్నట్టు.

నవ్వినవాళ్ళందరి చెవులకీ హెడ్‌ఫోన్లున్నాయి. అసలు సంగతి అక్కడుంది.

అది కార్మార్దెన్‌లో రైతుల సంఘం విందు. గెతిన్ వెల్ష్‌లోనే మాట్లాడతాడు. వేల్స్‌లో ఉన్నంత మాత్రాన అందరికీ వెల్ష్ రావాలని రూలేం లేదు కదా! రానివాళ్ళ కోసం హాలు చివర ఒక అద్దాల పెట్టె, అందులో మాబ్లి ప్రాసర్ అనే అమ్మాయి, ఆ అమ్మాయి ముందు ఒక మైకు. అతను వేదిక మీద వెల్ష్‌లో నోరు తెరవగానే ఆమె పెట్టెలో ఇంగ్లీషులో అందుకుంటుంది. ఆ మైకు పక్కనే ఎర్ర బటన్ ఒకటుంటుంది. దగ్గు బటన్ అంటారు దాన్ని. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా అది నొక్కి పట్టుకుంటే మైకు మూగబోతుంది.

ఆ రోజు మాబ్లికి దగ్గు రాలేదు, విసుగొచ్చింది. ఆ సింహాన్ని ఆమె ఇంగ్లీషులోకి తోలడం అదెన్నోసారో ఆమెకే గుర్తులేదు. బటన్ నొక్కాననుకుని, "ఇది నిద్ర లేచేదెప్పుడు, నేను ఇంటికి పోయేదెప్పుడు!" అని గొణుక్కుంది.

వేలు జారింది. అంతే.

విందు అయ్యాక గెతిన్ తిన్నగా పెట్టె దగ్గరికే వచ్చాడు. మనిషి పొట్టి. విరిగి అతుక్కున్న ముక్కు, పకోడీలా ముడుచుకుపోయిన ఒక చెవి. దేశం తరఫున ఎర్ర జెర్సీ వేసుకుని రగ్బీ ఆడినవాళ్ళకి మిగిలే ఆస్తి అదే. మిగతా ముఖం మాత్రం బాగానే ఉంటుందని మాబ్లి ఎప్పుడో గమనించింది. గమనించినట్టు ఎవరికీ చెప్పలేదు.

"ఏం చెప్పారు వాళ్ళకి?" అన్నాడు.

"మీరు చెప్పిందే."

"నేను సింహం అంటే ఇంతవరకూ ఒక్కడు కూడా నవ్వలేదు."

"అదేగా మీ ఇబ్బంది!" అనేసింది. వెంటనే నాలుక కరుచుకుని, జరిగిందంతా ఒప్పుకుంది. "తప్పు నాదే. సంఘంవాళ్ళతో చెప్పి నన్ను మాన్పించెయ్యండి."

"నా నోట్లో మీ మాట పెట్టారన్నమాట."

"మీ నోట్లో ఉన్నవి ఎవరి మాటలో అది ముందు చెప్పండి. మీవైతే కాదు. సింహమట! ఈ చుట్టుపక్కల గొర్రె తప్ప ఇంకో జంతువు కనబడదు. ముందు వరసలో ఆ పెద్దాయన్ని చూశారా? ఆయనలో సింహం నిద్రపోవడం కాదు, ఆయనే నిద్రపోయాడు."

గెతిన్ కోపంగా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాడు. పెదవులు బిగించాడు, కనుబొమలు దించాడు. లాభం లేకపోయింది. ఫక్కున నవ్వాడు.

"గురకపెట్టాడు కూడానా?"

"హెడ్‌ఫోన్లో వినబడేంత."

మానిపించడం మాట అటుంచి, ఆ తర్వాత ఎక్కడ ప్రసంగమున్నా మాబ్లినే పిలవమని అతనే అడగడం మొదలుపెట్టాడు. స్కూళ్ళు, బ్యాంకుల ఆఫీసులు, పాల సంఘాలు. మాబ్లి తన తరఫున ఒక్క మాట కూడా కలపలేదు, ఒట్టు. అది ఆ వృత్తికే తప్పు. కానీ అదే సింహం ఆమె గొంతులో కాస్త ఆవులించేది. ప్రసంగంలో అందరూ ఎక్కాల్సిన కొండ ఆమె గొంతులో ఎక్కేసరికి ఆయాసం తెప్పించేది. కొన్నాళ్ళకి వెల్ష్ శుభ్రంగా వచ్చినవాళ్ళు కూడా, "మాకూ ఒక హెడ్‌ఫోన్ ఇవ్వమ్మా," అని క్యూ కట్టసాగారు.

"వీళ్ళు వస్తున్నది నన్ను వినడానికా, మిమ్మల్ని వినడానికా?" అన్నాడు గెతిన్ ఒకరోజు ఉడుక్కుంటూ.

"నన్నే. మిమ్మల్ని చూడటానికి వస్తున్నారు. సగం సగం."

"చూడటానికి బాగుంటానన్నమాట!"

"చెవి వదిలేస్తే," అంది మాబ్లి, హెడ్‌ఫోన్లు లెక్క చూసుకుంటున్నట్టు తల వంచుకుని.

ఆమె పాత కారు వర్షాకాలంలో మొండికేస్తుంది. వేల్స్‌లో వర్షాకాలం అంటే దాదాపు ఏడాది పొడుగునా. అందుకని సామానుతో సహా అతని వ్యాన్‌లో వెళ్ళిరావడం అలవాటైంది. ఒక గురువారం తిరిగొస్తూ పెట్రోల్ బంకులో ఆగారు. వాన జోరుగా పడుతోంది. బంకు ఆయన గెతిన్‌ని గుర్తుపట్టాడు. ముఖం చాటంత చేసుకుని, తన మణికట్టు మీద వేలితో టకటకా కొట్టి చూపించాడు.

"టైమెంతయింది, గెతిన్ గడియారం?"

"మీ టీ బ్రేకు అయిపోయింది సార్," అన్నాడు గెతిన్ నవ్వుతూ. బంకాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ మాబ్లి చూసింది. పకోడీ చెవీ, మంచి చెవీ రెండూ కందగడ్డల్లా అయ్యాయి.

ఆ గడియారం కథ వేల్స్‌లో తెలియని పసిపిల్ల ఉండదు. కార్డిఫ్‌లో పెద్ద మ్యాచ్. వేల్స్ రెండు పాయింట్లు ముందుంది. ఆట టైము ముగిశాక బంతిని గీత బయటికి తంతే మ్యాచ్ అయిపోయినట్టు. ముగియకముందు తంతే బంతి తీసుకెళ్ళి అవతలివాళ్ళ చేతిలో పెట్టినట్టు. గెతిన్ బంతిని జనంలోకి తన్నాడు, చేతులు పైకెత్తి గెంతాడు, పక్కవాడిని ముద్దు కూడా పెట్టుకున్నాడు. ఆటకి ఇంకా నిమిషం ఉంది. ఆ నిమిషంలోనే అవతలివాళ్ళు గెలిచేశారు. దేశం అతన్ని తిట్టలేదు, అంతకంటే పెద్ద పని చేసింది. పేరు పెట్టింది.

వ్యాన్ మళ్ళీ రోడ్డెక్కింది.

"ఆ కథ ఎందుకు చెప్పరు?" అంది మాబ్లి. "జనం వినాలనుకునేది అదేగా."

"ఆ విషయం ఎత్తొద్దు."

"సిగ్గా?"

"సిగ్గయితే ఎప్పుడో పోయేది. అందులో నేనొక్కడినే లేను. అదీ చిక్కు." మాట మార్చి, "శనివారం మా ఊళ్ళో, పాంట్‌వెన్ క్లబ్బులో ప్రసంగం. కొత్త డ్రెస్సింగ్ రూముకి రిబ్బను కత్తిరించాలట. ఆ మ్యాచ్ తర్వాత నేను ఊరికి వెళ్ళలేదు. నాలుగేళ్ళు," అన్నాడు.

"అక్కడ కూడా సింహమేనా?"

"సింహమే." గొంతు సవరించుకున్నాడు. రోడ్డుకేసే చూస్తూ, "అది అయ్యాక... మీరు నాతో భోజనానికి వస్తారా? ప్రసంగం లేకుండా, హెడ్‌ఫోన్లు లేకుండా?" అన్నాడు.

అబద్ధమెందుకు, అతనంటే మాబ్లికి ఇష్టం. చాలా ఇష్టం. కానీ ఆమెది మాటలు మోసే పని. డొల్ల మాట ఏదో, నిండు మాట ఏదో భుజాన పడగానే తెలిసిపోతుంది.

"మా పనిలో ఒక పద్ధతుంది, తెలుసా?" అంది మెల్లిగా. "పెట్టెలో కూర్చుని నేను 'నేను' అంటే అది నేను కాదు, మీరు. మీరు 'నాకు భయమేసింది' అంటే నేనూ 'నాకు భయమేసింది' అనాలి. 'ఆయనకి భయమేసింది' అనకూడదు."

"మరి మీకే ఏదైనా చెప్పాల్సి వస్తే?"

"'అనువాదకురాలి మనవి' అని ముందు చెప్పుకోవాలి. మైకు సరిగా లేదనో, కాస్త నిదానంగా మాట్లాడమనో. అంతకు మించి నా సొంత గొడవకి అక్కడ చోటు లేదు." కిటికీ మీద వాన చారలు చూస్తూ అంది, "ఇన్ని వారాలుగా మీ బదులు ఎన్ని 'నేను'లు అన్నానో! ఒక్కదాంట్లో కూడా మీరు లేరు గెతిన్. అన్నీ మీకు ప్రసంగాలు కుదిర్చే ఏజెన్సీవాళ్ళు రాసిచ్చిన మాటలు. ఒక్కటంటే ఒక్క సొంత మాట చెప్పండి, నేను అనువాదం చేస్తాను. అప్పుడు భోజనానికి వస్తా."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే శనివారం తర్వాత ఇంకెవరినైనా చూసుకోండి. ఇష్టమైన మనిషి నోట అరువు మాటలు మొయ్యడం కష్టంగా ఉంది."

ఏమందో ఆమెకి అన్నాక తెలిసింది. దగ్గు బటన్ వ్యాన్‌లో కూడా ఉంటే ఎంత బాగుండు! గెతిన్ గేరు మార్చబోయి వైపర్లు ఆపేశాడు.

శనివారం మధ్యాహ్నం పాంట్‌వెన్ క్లబ్బు కిటకిటలాడిపోయింది. అద్దాల పెట్టె పట్టే చోటు లేక మాబ్లికి మెట్ల కింద, బీరు పీపాల మధ్య ఒక బల్ల వేశారు. వేసింది గెతిన్ మేనత్త ఓల్వెన్. పొడగరి, ఎముకల మనిషి, ఊరంతటికీ అత్తే. ఒంటి మీద ఏప్రన్, గోడ కొక్కేనికి పచ్చ కోటు.

"చీకటిగా ఉందా తల్లీ? ఆ బల్బు అంతే, వెలగదు. ఉండు, నీకు టీ తెస్తా. టీ కాచేది పెరడు దాటి రేకుల షెడ్డులో. ఆట అయిపోయిందంటే చాలు, కోటు తొడుక్కుని పరిగెత్తాలి నేను. లేకపోతే ఈ మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పీక్కు తినేస్తారు." గొంతు తగ్గించింది. "మావాడు బాగా మాట్లాడతాడా?"

"గొంతు బాగుంటుందండీ," అంది మాబ్లి, అబద్ధమాడకుండా.

"మమ్మల్ని మర్చిపోయాడు తల్లీ. పోన్లే, ఇవాళైనా వచ్చాడు."

ఇంతలో మిస్టర్ హార్‌గ్రీవ్స్ హెడ్‌ఫోన్ కోసం వచ్చాడు. రిటైరయ్యి ఇంగ్లాండు నుంచి వచ్చి ఊళ్ళో ఇల్లు కొనుక్కున్న పెద్దమనిషి. వెల్ష్ నేర్చుకుంటున్నాడు పట్టువదలకుండా.

"నమస్కారం. నేను ఒక టీ," అన్నాడు వెల్ష్‌లో ఎంతో మర్యాదగా. "మీరు కూడా ఒక టీయా?"

"నేను కాస్త పాలు తక్కువ," అంది మాబ్లి అంతే మర్యాదగా.

గెతిన్ వేదికెక్కాడు. చప్పట్లు కొట్టారు గానీ జాగ్రత్తగా కొట్టారు, నిద్రపోయే పిల్లవాడు ఉన్న ఇంట్లో కొట్టినట్టు. ఎవరూ మణికట్టు చూపించలేదు. ఎవరూ టైమడగలేదు.

"ప్రతి మనిషిలోనూ," అని మొదలుపెట్టాడు. "ప్రతి మనిషిలోనూ, ఒక..."

ఆగిపోయాడు. మాబ్లి కూడా మెట్ల కింద నుంచి "ప్రతి మనిషిలోనూ" దాకా వచ్చి ఆగింది. ఎదుటి గోడకేసి చూస్తున్నాడతను. అక్కడ పొగచూరిన గోడ మీద గుండ్రటి తెల్ల మచ్చ ఉంది.

"ఇక్కడ గడియారం ఉండాలి," అన్నాడు. "నా చిన్నప్పటి నుంచి ఉంది. ఏదీ?"

ఒకాయన బూట్లు చూసుకున్నాడు.

"రిపేరుకిచ్చాం," అంది ఓల్వెన్ అత్త.

"అత్తా."

"నేనే తీయించానురా!" అంది అత్త, ఏప్రన్ నలుపుతూ. "నువ్వొస్తున్నావుగా. దాన్ని చూస్తే మనసు కష్టపెట్టుకుంటావని. నిన్నెవరూ ఏమీ అనకూడదని అందరి చేతా ఒట్టు కూడా వేయించా. వంటింటి బీరువాలో ఉంది, పోతే పోనీ!"

గెతిన్ చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాబ్లి బల్ల అంచు పట్టుకుంది. చెప్పు, చెప్పు, చెప్పు అని లోలోపల అతన్ని బతిమాలుతోంది. వేలు దగ్గు బటన్ మీద గట్టిగానే ఉంది ఈసారి.

"దాన్ని తీసుకొచ్చి తగిలించండి," అన్నాడు చివరికి. "దాని తప్పేం లేదు. అసలు ఆ రోజు నేను గడియారం చూడనేలేదు."

మాబ్లి బటన్ వదిలింది. "ఆ రోజు నేను గడియారం చూడనేలేదు," అంది ఇంగ్లీషులో.

"మీ అందరికీ తెలుసు, నేను ఈ మైదానంలో పెరిగాను. ఈ మైదానంలో ఆట అయిపోయిందని చెప్పేది గడియారం కాదు, రెఫరీ కూడా కాదు. ఓల్వెన్ అత్త లేచి పచ్చ కోటు తొడుక్కుందంటే ఆట అయిపోయినట్టు. నాకు నడక వచ్చినప్పటి నుంచీ అంతే. కార్డిఫ్‌లో ఆ రోజు స్టేడియం నిండా జనం. తల ఎత్తితే ఇల్లంత గడియారం. నేను తల ఎత్తాను. గోల్ పోస్టు వెనకాల మూడో వరసలో అత్త కనబడింది. లేచి నిలబడి కోటు తొడుక్కుంటోంది."

గెతిన్ అత్తకేసి చూశాడు.

"అయిపోయిందనుకున్నాను. తన్నేశాను."

"తన్నేశాను," అంది మాబ్లి.

"నేనా?" ఓల్వెన్ అత్త లేచి నిలబడింది. "ఒరేయ్! చలేసిందిరా! చలేసి తొడుక్కున్నానురా!"

"నాకు తర్వాత తెలిసిందత్తా."

"మరి చెప్పవేం?"

"ఎలా చెప్పను? దేశం దేశమంతా నన్ను ఆడిపోసుకుంటోంది. నీ పేరు చెబితే నీ వెనక పడతారు. ఊరికొస్తే నోరు జారతానని భయం. అందుకే రాలేదు."

"ఇందుకా నాలుగేళ్ళు గడప తొక్కలేదు, వెధవా!" అత్త ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏది ముందో తెలియడం లేదు. "నా కోటు పరువు కాపాడటానికా! మమ్మల్ని మర్చిపోయావనుకుని కుళ్ళి కుళ్ళి చచ్చాను కదరా!"

ముందు నవ్విందెవరో తెలియదు. హెడ్‌ఫోన్లున్న సగం, లేని సగం అని లేకుండా హాలంతా ఒకేసారి గొల్లుమంది. అలా జరగడం గెతిన్ ప్రసంగాల చరిత్రలోనే మొదటిసారి. ఎవరో గడియారం తెచ్చి మచ్చ మీద తగిలించారు. వంకరగా తగిలించారు.

గెతిన్ ముఖం తుడుచుకున్నాడు. "ఇంకో మాట. ఇది కూడా నాదే, ఎవరూ రాసివ్వలేదు. ఆ రోజు ఇంకా నిమిషం ఉందని నాకు తెలియలేదు. తర్వాత కూడా అంతే, నా పని అయిపోయిందనే అనుకుని తిరిగాను. ఈ మధ్య నా మాటలు ఇంగ్లీషులో విన్నాను. అవి నావి కావని ఆ గొంతు నాకు చెప్పింది. నా డబ్బా మాటల్ని కూడా మనిషి మాటల్లా చేసి మోసింది." మెట్ల వైపు తిరిగాడు. "ఆ మెట్ల కింద పీపాల మధ్య కూర్చున్న అమ్మాయంటే నాకు ప్రేమ. మాబ్లి, నిన్ను ప్రేమిస్తున్నాను."

వెల్ష్ వచ్చినవాళ్ళందరూ గిరుక్కున మెట్లకేసి తిరిగారు.

హెడ్‌ఫోన్లలో నిశ్శబ్దం.

మిస్టర్ హార్‌గ్రీవ్స్ తన హెడ్‌ఫోన్ని తట్టాడు. పక్కావిడ ప్లగ్గు ఊడిందేమోనని చూసుకుంది. "నాది పనిచెయ్యడం లేదు!" "నాదీ అంతే!" "ఏమన్నాడు? ఏమన్నాడు?"

"చెప్పవే తల్లీ!" అని కేకేసింది ఓల్వెన్ అత్త. "వాళ్ళు పాపం గిలగిల్లాడుతున్నారు!"

మాబ్లి చెంపలు సెగలు కక్కుతున్నాయి. అయినా పని పనే. మైకు దగ్గరికి వంగింది.

"ఆ మెట్ల కింద కూర్చున్న అమ్మాయంటే నాకు ప్రేమ," అంది. "మాబ్లి, నిన్ను ప్రేమిస్తున్నాను."

తన పేరుని తనే పిలుచుకుని, తననే తను ప్రేమిస్తున్నానని ఊరందరి చెవుల్లో చెప్పుకున్న ఆడపిల్ల ఆ వృత్తిలో ఇంకొకతె ఉండదు. హెడ్‌ఫోన్ల సగం కూడా గిరుక్కున మెట్లకేసి తిరిగింది.

గెతిన్ వేదిక దిగి, హార్‌గ్రీవ్స్ తల మీది హెడ్‌ఫోన్ చటుక్కున లాగి తన చెవులకి పెట్టుకున్నాడు. పకోడీ చెవికి సరిగ్గా పట్టలేదు, చేత్తో అదిమి పట్టుకున్నాడు. మెట్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

మాబ్లి వేలు దగ్గు బటన్ మీదికి వెళ్ళింది. కావాలంటే నొక్కెయ్యొచ్చు. నొక్కి, ఒక చిన్న దగ్గు దగ్గి, నవ్వేసి ఊరుకోవచ్చు.

వేలు తీసేసింది.

"అనువాదకురాలి మనవి," అంది. "ఈసారి 'నేను' అంటే ఆయన కాదు. నేనే. నాకు కూడా, గెతిన్. ఎప్పటినుంచో."

హెడ్‌ఫోన్ల సగం కేకలు, ఈలలు, బల్లల మీద చరుపులు! ఇప్పుడు లేనివాళ్ళ వంతు వచ్చింది. "ఏమంది? ఏమంది?" అని వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు.

హార్‌గ్రీవ్స్ తల మీద హెడ్‌ఫోన్ లేకపోయినా పక్కావిడ హెడ్‌ఫోన్‌కి చెవి ఆనించి మొత్తం విన్నాడు. ఇంగ్లీషులో చెప్పినా హాల్లో అందరికీ అర్థమయ్యేదే. కానీ ఇన్నాళ్ళ చదువుకి ఇంతకంటే మంచి రోజు ఎప్పుడొస్తుంది? లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకుని, వెల్ష్‌లో ప్రకటించాడు.

"ఆమె... ఒక ప్రేమ. కూడా!"

అందులో వ్యాకరణం ఏమీ లేదు. ఒక్కరూ దిద్దలేదు.

ఓల్వెన్ అత్త ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. ఇంతమందికి టీ కాచాలి, వెల్ష్ కేకులు వేడి చెయ్యాలి, కోడలయ్యే పిల్లకి పాలు తక్కువ వెయ్యాలి. గబగబా లేచి కొక్కేం మీది పచ్చ కోటు అందుకుంది.

జనాన్ని తోసుకుంటూ, హెడ్‌ఫోన్ తీగ వెనకాల ఈడ్చుకుంటూ మెట్ల వైపు వెళుతున్న గెతిన్ అది చూశాడు. సగం దారిలో ఆగి, గొంతు చించుకుని అరిచాడు.

"అత్తా! కోటు తొడుక్కోకు! ఇంకా అయిపోలేదు!"